నచ్చిన పాత్ర ఎందుకు నచ్చిందో రాయడం ఎలా

ఇష్టమైన పాత్ర ఎవరని అడిగితే పేరు చెప్పడానికి ఎవరికీ ఆలస్యం కాదు. ఎందుకు ఇష్టమని అడిగినప్పుడే మాట తడబడుతుంది. ధైర్యవంతుడనో, తెలివైనదనో, మంచి మనసున్న మనిషనో నాలుగు విశేషణాలు చెప్పి ఊరుకుంటాం. ఆ విశేషణాలు వెయ్యి పాత్రలకు సరిపోతాయి కనుక, మీకు నచ్చిన ఆ ఒక్క పాత్రను గురించి అవి చెప్పేది దాదాపు ఏమీ ఉండదు. పుస్తకంలోనో టెలివిజన్ ధారావాహికలోనో తారసపడి మనసులో ఉండిపోయిన పాత్రను గురించి నాలుగు పేజీలు రాయాలనుకునేవారి కోసం, ఆ ఇష్టానికి మూలం ఎక్కడుందో వెతికి పట్టుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఈ పద్ధతి అంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది. పాత్ర మీద మనకు కలిగే ఇష్టం ఆ పాత్రకున్న గుణాల జాబితాలో దొరకదు. ఒకానొక సన్నివేశంలో ఆ పాత్ర చేసిన పనిలోనూ, ఆ పనిని రచయిత మనకు చూపించిన తీరులోనూ దొరుకుతుంది.

మొదట పాత్రను ఎంచుకోవాలి. గొప్ప పాత్ర వేరు, ఇష్టమైన పాత్ర వేరు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, పదిమందీ మెచ్చుకున్న పాత్రను తమకూ ఇష్టమని రాసేస్తారు. అలాంటి వ్యాసంలో రెండో పేజీకే సరుకు అయిపోతుంది. చదవడం పూర్తయిన చాలాకాలానికి కూడా, ఏదో పనిలో ఉండగా ఎవరి మాట తీరు గుర్తుకొస్తుందో, ఎవరు కనిపించే పేజీల కోసం పుస్తకాన్ని మళ్లీ తీస్తారో ఆ పాత్రే మీది. అది కథలో రెండుసార్లు మాత్రమే కనిపించే చిన్న పాత్ర అయినా ఫరవాలేదు. చిన్న పాత్రను గురించి రాయడమే ఒక విధంగా సులువు, ఎందుకంటే దాన్ని గురించి ఇతరులు అన్న మాటలు మీ చెవిలో ఉండవు.

పాత్ర కుదిరాక పుస్తకం తెరవకండి, ఎపిసోడ్ పెట్టుకోకండి. ఆ పాత్రకు సంబంధించి మీ మనసులో మొదట మెదిలే ఒక్క సన్నివేశాన్ని, ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరేమన్నారు, అప్పుడు ఈ పాత్ర ఏం చేసింది అన్న వివరాలతో, గుర్తున్నది గుర్తున్నట్టు ఒక పేజీలో రాయండి. ఆ తరువాతే అసలు సన్నివేశాన్ని చదవండి, లేదా చూడండి. రెండింటికీ తేడా తప్పకుండా ఉంటుంది. మీరు రాసుకున్న ఒక మాట అక్కడ లేకపోవచ్చు. మీకు సుదీర్ఘంగా గుర్తున్న ఘట్టం అసలులో మూడు వాక్యాలే కావచ్చు. ఆ పాత్ర ఏడ్చిందని మీకు గుర్తుంటే అక్కడ మౌనంగా కూర్చుని ఉండవచ్చు. ఈ తేడాలను కొట్టేయవద్దు. మీరు కలుపుకున్నది మీరు ఆ పాత్ర నుంచి ఏమి కోరుకున్నారో చెబుతుంది, మీరు వదిలేసినది ఆ పాత్రలో మీకు ఏమి రుచించలేదో చెబుతుంది. ఈ మొత్తం పనిలో ఇంతకంటే విలువైన ఆధారం మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు సన్నివేశంలో పాత్ర చేసిన పనిని దగ్గరగా చూడాలి. ఉదాహరణకు లెఫ్టినెంట్ కొలంబోను తీసుకుందాం. పీటర్ ఫాక్ పోషించిన ఈ పోలీసు అధికారి 1968లో ఒక టెలివిజన్ చిత్రంలో కనిపించాడు, 1971 నుంచి ధారావాహికగా వచ్చాడు. నలిగిన రెయిన్‌కోటు, చేతిలో సిగార్, పాత కారు ఆయన ఆనవాళ్లు. హంతకుడు చాలావరకు డబ్బూ పేరూ ఉన్నవాడు, తన తెలివి మీద తనకు గట్టి నమ్మకం ఉన్నవాడు. కొలంబో నాలుగు పొంతనలేని ప్రశ్నలు అడిగి, ఇంట్లో భార్య ఏదో అన్నదని చెప్పి, శ్రమ ఇచ్చినందుకు మన్నించమని అడిగి బయలుదేరతాడు. హంతకుడు ఊపిరి పీల్చుకుంటాడు. తలుపు దాకా వెళ్లిన కొలంబో ఆగి, నుదుటి దగ్గరికి చెయ్యి తీసుకుపోయి, వెనక్కి తిరిగి ఇంకొక్క చిన్న సంగతి అడుగుతాడు. ఆ ఇంటి యజమాని ముఖం మీది చిరునవ్వు అలాగే ఉంటుంది గాని కళ్లు మారిపోతాయి.

ఇక్కడ మనకు నచ్చినది ఏమిటి? తెలివి అని రాస్తే అది ప్రతి డిటెక్టివ్‌కూ వర్తిస్తుంది. కాస్త నిలిచి చూస్తే, ఆ మనిషిని ఎదుటివాడు చిన్నచూపు చూస్తున్నాడనీ, అది ఆయనకు తెలుసనీ, తెలిసి కూడా కోపం తెచ్చుకోవడం లేదనీ కనిపిస్తుంది. తన తెలివిని ఒప్పించాలన్న తొందర ఆయనకు లేదు. అందువల్ల "తనను లెక్కచేయని మనిషి ముందు పౌరుషానికి పోకుండా, ఆ లెక్కలేనితనాన్నే తన పనికి వాడుకునే నిబ్బరం నాకు నచ్చింది" అని రాయవచ్చు. ఈ వాక్యాన్ని మరో డిటెక్టివ్ పేరు మీద పెట్టి చూడండి, ఇమడదు. మీరు రాసే వ్యాసానికి ఇలాంటి వాక్యం ఒక్కటి దొరికితే చాలు, మిగిలినదంతా దాని చుట్టూ అల్లుకోవచ్చు.

అయితే పని సగమే అయింది. తలుపు దగ్గరి ఆ ప్రశ్న మనకు అంత ఆనందం ఎందుకు ఇస్తుందంటే, హత్య ఎవరు చేశారో ఆ ధారావాహిక సాధారణంగా మొదట్లోనే చూపించేస్తుంది కాబట్టి. హంతకుడెవరో మనకు తెలియకపోతే, వెనక్కి తిరిగిన కొలంబో మతిమరుపు మనిషిలా మాత్రమే కనిపించేవాడు. మనకు తెలుసు కనుకనే ఆ ప్రశ్న ఎక్కడ తగిలిందో చూడగలుగుతున్నాం. అంటే మన ఇష్టంలో ఒక పాలు పాత్రది, ఇంకొక పాలు కథ చెప్పిన క్రమానిది. మీ పాత్ర విషయంలోనూ ఈ ప్రశ్నలు వేసుకోవాలి: ఈ మనిషిని నాకు చూపిస్తున్నది ఎవరు, నాకు ముందే ఏమి చెప్పారు, ఏమి దాచారు, ఈ మనిషి మనసులోకి నన్ను రానిచ్చారా, బయటే నిలబెట్టారా?

షెర్లాక్ హోమ్స్‌ను ఇష్టపడేవారికి ఈ విషయాన్ని స్వయంగా పరీక్షించుకునే వీలుంది. ఆర్థర్ కోనన్ డాయిల్ రాసిన 4 నవలల్లోనూ 56 కథల్లోనూ అత్యధిక భాగాన్ని చెప్పేది హోమ్స్ స్నేహితుడు వాట్సన్. 1926లో వచ్చిన రెండు కథలను మాత్రం హోమ్స్ తానే చెబుతాడు. వాటిలో ఒకదాన్ని, వాట్సన్ చెప్పిన ఏదైనా కథ పక్కన పెట్టుకుని చదవండి. మనిషి అతనే, బుద్ధి అదే, అయినా ఏదో తగ్గినట్టుంటుంది. వాట్సన్ నోట వచ్చినప్పుడు అద్భుతంగా తోచిన ఊహ, హోమ్స్ నోట వచ్చినప్పుడు మామూలు లెక్కలా ఉంటుంది. పాఠకుడికి ఆసక్తి కలిగేలా చెప్పడం ఎంత అవసరమో ఇప్పుడు తెలిసివస్తోందని ఆ రెండు కథల్లో ఒకదానిలో హోమ్సే ఒప్పుకుంటాడు. మనం ప్రేమించినది హోమ్స్‌ను మాత్రమే కాదు, ఒక మంచి స్నేహితుడి కళ్లతో చూసిన హోమ్స్‌ను. వాట్సన్ ఆశ్చర్యం, అప్పుడప్పుడు నొచ్చుకోవడం, అయినా పిలవగానే వెంట నడవడం ఇవన్నీ మన ఇష్టంలో కలిసిపోయి ఉన్నాయి. రచయితకు కూడా అంతుపట్టనంతగా ఆ ఇష్టం పెరిగిపోయింది. 1893లో డాయిల్ హోమ్స్‌ను చంపేసినా పాఠకులు ఒప్పుకోలేదు. 1903లో ఆయన హోమ్స్‌ను బతికించి తిరిగి తీసుకురావలసి వచ్చింది.

పుస్తకం నుంచి తెరకు వచ్చిన పాత్రను గురించి రాసేటప్పుడు, మీకు నచ్చినదానిలో ఏది రచయితది, ఏది నటుడిదో విడదీయడం అవసరం. హోమ్స్ అనగానే కళ్ల ముందు నిలిచే డీర్‌స్టాకర్ టోపీ పేరు కథల్లో ఎక్కడా రాదు. పత్రికలో ఆ కథలకు బొమ్మలు వేసిన సిడ్నీ పాజెట్ దానిని అతని తలమీద పెట్టాడు. కాబట్టి పాత్ర నుంచి ఒక్కొక్క ఆనవాలునూ తీసేసి చూడండి. టోపీ తీసేస్తే ఇష్టం పోతుందా, వృత్తి మార్చేస్తే పోతుందా, మాట తీరు మార్చేస్తే పోతుందా? దేనిని తీసేసినప్పుడు ఆ మనిషి ఇక ఆ మనిషి కాదనిపిస్తుందో దానిని గురించి రాయాలి. మీకు నచ్చినది నటుడి గొంతే అని తేలితే అలాగే రాయండి, అందులో తక్కువేమీ లేదు. గొంతులో ఏమున్నదో రాయడం కూడా మంచి వ్యాసమే అవుతుంది.

టెలివిజన్ పాత్రల విషయంలో ఇంకొక జాగ్రత్త కావాలి. వారం వారం ఏళ్ల తరబడి ఇంట్లోకి వచ్చే మనిషి మీద పరిచయం వల్లనే మమకారం పెరుగుతుంది. తెర మీది మనుషులతో ప్రేక్షకులు పెంచుకునే ఈ ఏకపక్ష సాన్నిహిత్యానికి డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1956లోనే పారాసోషల్ సంబంధమని పేరు పెట్టారు. ఆ మమకారం నిజమైనదే, దానిని తీసిపారేయనక్కరలేదు. అయితే అలవాటు ఎంత, ఆకర్షణ ఎంత అని తెలుసుకోవడానికి మొదటి ఎపిసోడ్‌ను మళ్లీ చూడటం మంచిది. అప్పుడే నచ్చిందా, లేక ఎన్నో ఎపిసోడ్లు గడిచాక ఒక మలుపు దగ్గర నచ్చడం మొదలైందా? రెండోదే నిజమైతే మీ వ్యాసం ఆ మలుపు దగ్గరే మొదలుకావాలి.

అన్నింటికంటే కష్టమైనది చెడ్డపాత్ర మీద ఇష్టం. చాలామంది ఇక్కడ వెనుకాడతారు, లేదా ఆ పాత్రలో లేని మంచితనాన్ని వెతికి అంటగడతారు. ఈ పని దయచేసి చేయకండి. గురజాడ అప్పారావు రాసిన ‘కన్యాశుల్కం’ నాటకంలోని గిరీశాన్ని చూడండి. అప్పులు ఎగ్గొడతాడు, ఆశ్రయమిచ్చిన పూటకూళ్లమ్మను మోసం చేస్తాడు, చదువు చెబుతానని శిష్యుడి ఇంట్లో చేరి వాడి అక్క బుచ్చమ్మకు గాలం వేస్తాడు. సంస్కరణ మాటలన్నీ ఆయన నోట్లో ఉంటాయి, ఆచరణలో ఒక్కటీ ఉండదు. అయినా ఆయన రంగం మీదికి వస్తే మనకు హుషారు పుడుతుంది. ఎందుకు? ఎంత ఇరకాటంలో పడినా ఆయన నోటికి మాట కరువు కాదు. ప్రతి ఓటమినీ అక్కడికక్కడే ఉపన్యాసంగా మార్చేస్తాడు, ఆ ఉపన్యాసానికి తానే మొదటి శ్రోతగా మురిసిపోతాడు. మనకు నచ్చేది ఆ వాక్చాతుర్యం, ఆ ప్రాణశక్తి, నడత కాదు. ఈ రెండింటినీ స్పష్టంగా వేరుచేసి రాస్తే సంజాయిషీలతో పని ఉండదు. పైగా, ఆ మాటల మాయలో బుచ్చమ్మ ఎలా పడిందో అర్థం కావాలంటే ముందు మనం పడాలి. గురజాడ మనలను నవ్వించడం వెనుక ఉన్న ఉద్దేశం అదేనని నేను నమ్ముతాను.

ఆ నాటకంలోనే మధురవాణి మీద ఇష్టం పూర్తిగా మరో దారిన వస్తుంది. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకంటే, తిరగరాసిన 1909 కూర్పులో ఆమె పాత్ర ఎంతో విస్తరించింది. తన చుట్టూ ఉన్న మగవాళ్లు ఒక్కొక్కరూ ఎలాంటివారో ఆమెకు తెలుసు, అయినా ఆమె మాటలో చేదు ఉండదు. ఆమెకు ఎదురుపడే ప్రతి సందర్భంలోనూ రెండు దారులు ఉంటాయి, ఏ దారిన పోతుందో మనం ముందుగా చెప్పలేం. తనకు పైసా లాభం లేని చోట ఆమె పరాయి ఆడపిల్లను కాపాడే పనికి పూనుకుంటుంది. మీ పాత్ర ఇలాంటిదైతే గుణాలను కాకుండా నిర్ణయాలను వరుసగా రాసుకోండి: ఎక్కడ ఏ రెండు దారులు ఉన్నాయి, ఏది ఎంచుకుంది, దానివల్ల ఏమి వదులుకుంది. వదులుకున్నదాని విలువను బట్టే మన గౌరవం పెరుగుతూ వస్తుందని ఆ జాబితా చూస్తే తెలుస్తుంది.

ఇంతవరకూ వచ్చాకనే మీ సంగతికి రావాలి. నాలాంటిదే కనుక నచ్చింది అనే జవాబు తరచుగా తొందరపాటు జవాబు. మనకు లేనిదాన్ని ధరించిన పాత్ర, మనం అనలేకపోయిన మాటను అనేసిన పాత్ర, మనలోని ఒక లోపాన్ని మనకంటే మెరుగ్గా మోసుకుపోతున్న పాత్ర కూడా అంతే గట్టిగా పట్టుకుంటుంది. మీ జీవితం నుంచి ఒక్క సంగతి చెబితే చాలు. రెండోది చెప్పేసరికి వ్యాసం మీ గురించి అయిపోతుంది.

రాయడానికి కూర్చున్నప్పుడు కథంతా చెప్పవద్దు. ఆ పుస్తకం చదవనివారికి మీ సన్నివేశం అర్థం కావడానికి ఎంత కావాలో అంతే, రెండు మూడు వాక్యాల్లో చెప్పి నేరుగా సన్నివేశంలోకి వెళ్లండి. ముగింపు బయటపెట్టక తప్పదనుకుంటే ముందుగానే హెచ్చరించండి. అత్యంత, అద్భుతం, అజరామరం లాంటి మాటలు వచ్చినచోటల్లా వాటిని కొట్టేసి, ఆ మాట రాయించిన పని ఏమిటో రాయండి. ఆ పాత్ర మీకు నచ్చని చోటు ఒక్కటైనా ఉంటే దాచకండి. హోమ్స్ వాట్సన్‌ను చులకన చేసిన ఘట్టం మీద రెండు వాక్యాలు రాస్తే, మెచ్చుకుంటూ రాసిన మిగతా పేజీలను పాఠకుడు ఎక్కువగా నమ్ముతాడు.

పూర్తయ్యాక పాత్ర పేరునూ పుస్తకం పేరునూ కప్పేసి, ఆ పుస్తకమో ధారావాహికో తెలిసినవారి చేత చదివించండి. ఎవరిని గురించి రాశారో వారు వెంటనే పోల్చుకుంటే వ్యాసం సిద్ధమైనట్టే. ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పి తటపటాయిస్తే, ఎక్కడ తటపటాయించారో అడిగి తెలుసుకుని, ఆ పేరా తీసేసి మళ్లీ సన్నివేశం దగ్గరికి వెళ్లండి.