బోరు మోటారుకు కెపాసిటర్ ఎందుకు?

చిత్తూరు వైపు మామిడి తోటల్లో చాలామంది స్టార్టర్ పెట్టె దగ్గర క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూసి, వోల్టేజీతో గుణించి, అంత విద్యుత్తు ఖర్చవుతోందని లెక్క వేసుకుంటారు; ఆ లెక్క సరైనది కాదు. మూడు ఫేజుల 5 హెచ్.పి. మోటారు 415 వోల్టుల దగ్గర 7.5 ఆంపియర్లు తీసుకుంటోందనుకుందాం. మూడు ఫేజులు కాబట్టి 1.732తో కూడా గుణిస్తే 5.4 కేవీఏ (కిలోవోల్ట్ ఆంపియర్లు, అంటే వోల్టులనూ ఆంపియర్లనూ గుణించిన లెక్క) వస్తుంది. అందులో నిజంగా ఖర్చయ్యే వంతును చెప్పే పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే మోటారు నిజంగా వాడుకునేది 4.3 కిలోవాట్లే. చుట్టలలో అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టే శక్తి లైనుకూ మోటారుకూ మధ్య సెకనుకు 100 సార్లు వెళ్లి వస్తూ ఉండటమే ఈ తేడాకు కారణం. అది నీళ్లు తోడదు, కానీ తీగను మాత్రం వేడెక్కిస్తుంది.

కెపాసిటర్ అంటే విద్యుత్తును కాసేపు దాచుకొని తిరిగి ఇచ్చే పరికరం. అటువంటి మోటారుకు 2 కేవీఏఆర్ (అలా వెళ్లి వచ్చే శక్తిని కొలిచే ప్రమాణం) కెపాసిటర్‌ను స్టార్టర్ దగ్గర కలిపితే, ఆ శక్తి అక్కడికక్కడే అంది, సరఫరా తీగలో ప్రవాహం సుమారు 6.2 ఆంపియర్లకు దిగుతుంది. తీగలో వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక ఆ నష్టం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా ఉన్న తోటలో వోల్టేజీ కూడా కొంత మెరుగుపడుతుంది. తేడా చూడాలంటే క్లాంప్‌ను కెపాసిటర్‌కు ముందున్న సరఫరా తీగకే తగిలించాలి, ఎందుకంటే బోరులోకి దిగే కేబులులో ఆంపియర్లు తగ్గవు. ఎక్కువ పెడితే మేలనుకొని పెద్ద కెపాసిటర్ పెట్టకండి. మోటారు ఆపిన తరువాత కూడా అందులో విద్యుత్తు నిలిచి ఉంటుంది కాబట్టి దాని కొనలను వెంటనే తాకకూడదు. బిగించే పనిని ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి.