యూరియా సరే, ముందు కలుపు సంగతి చూడండి

సిటీలో జాబ్ చేస్కుంటూ వికారాబాద్, పరిగి సైడు రెండెకరాలు కొనుక్కుని ఆముదమో పొద్దుతిరుగుడో వేసేవాళ్లు ఎక్కువైపోయారు ఇప్పుడు, అందరిదీ ఒకటే గోల, మందు బస్తాలు బస్తాలు వేశాం గానీ దిగుబడి రాలేదని. చేన్లోకి దిగితే అక్కడే తెలిసిపోతుంది, ఆముదం మొక్క జానెడు లేదు, సాళ్ల మధ్య గరిక, తుంగ, వయ్యారిభామ మాత్రం నిగనిగలాడుతుంటయ్. యూరియా ఎవరు తిన్నట్టు మరి?

ఆముదం సాళ్ల మధ్య మూడడుగులు వదుల్తాం, మొదట్లో మొక్క చాలా మెల్లగా లేస్తుంది, ఆ ఖాళీ అంతా కలుపుదే. అందుకే మొదటి నలభై, నలభై అయిదు రోజులు చేను శుభ్రంగా ఉంటే చాలు, తర్వాత ఆకు కమ్మేస్తే దాని నీడకి కలుపు అదే అణిగిపోతుంది. విత్తిన 48 గంటల్లోపు, నేల తడిగా ఉన్నప్పుడే పెండిమిథాలిన్ అనే కలుపు మందు 30 శాతం ద్రావణం ఎకరాకి లీటరుంపావు దాకా 200 లీటర్ల నీళ్లలో కలిపి కొట్టాలి, పొడి నేల మీద కొడితే డబ్బులు దండగ. తుంగకి మాత్రం ఇది పని చెయ్యదు, దాన్ని గడ్డతో సహా పీకాల్సిందే.

విత్తిన ఇరవయ్యో రోజుకి ఒకసారి, నలభయ్యో రోజుకి ఇంకోసారి గుంటుక (సాళ్ల మధ్య కలుపు కోసే పరికరం) తోలించి సాల్లో మిగిలింది కూలీలతో తీయించండి. పైమందు, అంటే మొక్క లేచాక వేసే యూరియా, ఆ తర్వాతే. ఆదివారం ఖాళీ దొరికింది కదా అని కలుపు ఉండగానే చేనంతా చల్లేసి వచ్చేస్తారు చాలామంది, అది చేయొద్దు. కలుపు తీసి, నేలలో పదును (తడి) ఉన్నప్పుడు మొక్క పక్కన బెత్తెడు దూరంలో చిన్న గుంట తీసి వేసి మట్టి కప్పండి, మొక్కకే అందుతుంది.

అడుగు మందుకి, అంటే విత్తేటప్పుడు వేసే ఎరువుకి, అందరూ డీఏపీయే అడుగుతారు, నేనైతే సింగిల్ సూపర్ ఫాస్ఫేటే అంటా. 50 కిలోల డీఏపీలో భాస్వరం 23 కిలోలు, మూడు బస్తాల సింగిల్ సూపర్‌లో 24, పైగా పదహారు కిలోల పైనే గంధకం వస్తుంది, నూనె పట్టాలంటే గంధకం కావాలి మరి. డీఏపీలో ఉండే 9 కిలోల నత్రజని కోసం 20 కిలోల యూరియా కలుపుకుంటే లెక్క సరి. మోయడానికి బరువే, ఒప్పుకుంటా. నత్రజని మరీ ఎక్కువేస్తే పొద్దుతిరుగుడులో నూనె శాతం తగ్గుతుంది, ఆకు పచ్చదనం చూసి మురిసిపోకండి. డోసు ఎంతో మట్టి పరీక్ష చేయించాకే తేల్చుకోండి, రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఉండనే ఉంది, షాపాయన్ని అడిగే బదులు వాళ్లని అడగండి.

ఇంకోటి, పక్క మొక్కజొన్నలో 2,4-డి అనే కలుపు మందు కొట్టిన పంపుని కడక్కుండా తెచ్చి మీ పొద్దుతిరుగుడులో వాడితే ఆకులన్నీ ముడుచుకుపోతయ్, గాలికి ఆ తుంపర కొట్టుకొచ్చినా అంతే, కాబట్టి కలుపు మందులకి పంపు సెపరేట్‌గా పెట్టుకోండి.