బెంగళూరు పరిసరాల్లో ఎగురుతుండగా ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలి

సెస్నా 172 వంటి ఒంటి ఇంజిన్ విమానంలో ఇంజిన్ ఆగినంత మాత్రాన విమానం రాయిలా కింద పడిపోదు. సరైన గ్లైడ్ వేగాన్ని నిలుపుకుంటే, గాలి వీచకుండా ఉన్నప్పుడు ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు దాదాపు ఒకటిన్నర నాటికల్ మైళ్లు, అంటే రెండున్నర కిలోమీటర్లకు పైగా ముందుకు సాగుతుంది. ఆ వేగం మోడల్‌ను బట్టి 65 నుంచి 68 నాట్లు (గంటకు నాటికల్ మైళ్లు) ఉంటుంది. మీరు నడిపే విమానం మాన్యువల్‌లో చూసి దానిని కంఠతా పట్టాలి. ఇంజిన్ ఆగగానే చేయవలసిన మొదటి పని ముక్కు దించి ఆ వేగానికి ట్రిమ్ చేయడమే, అంటే ఆ వేగం దానంతట అదే నిలిచేలా సర్దడమే. తక్కిన పనులన్నీ దాని తరువాతే.

ఇక్కడ బెంగళూరులోని జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో శిక్షణ పొందేవారు, ముఖ్యంగా విజయవాడ వంటి పల్లపు ప్రాంతాల నుంచి వచ్చినవారు, ఒక విషయాన్ని మరువరాదు. సముద్రమట్టం నుంచి ఎత్తు చూపేలా అమర్చిన ఆల్టీమీటరులో 4,500 అడుగులు కనిపించినప్పుడు, బెంగళూరు నేలే సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి, మీకు నిజంగా మిగిలింది 1,500 అడుగులే. కాలంలో చెప్పాలంటే దాదాపు రెండు నిమిషాలు. నంది కొండల వైపు వెళితే అదీ తగ్గుతుంది. అందుకే ఎగిరే ప్రతిసారీ కింది నేల ఎత్తును తీసివేసి చూసుకోవడం అలవాటు కావాలి. అలాగే ఏప్రిల్ మధ్యాహ్నం 35 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి దాదాపు 6,000 అడుగుల ఎత్తున ఉండేటంత పలచబడుతుంది. ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ 65 చూపుతున్నా అసలు వేగం 70 నాట్లు దాటుతుంది, నేల వేగంగా వెనక్కి పోతున్నట్టు తోస్తుంది. అది చూసి ముక్కు ఎత్తితే విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు దాన్ని గాలిలో నిలిపే బలాన్ని కోల్పోతాయి. కంటిని కాక ఇండికేటర్‌నే నమ్మాలి.

వేగం కుదిరాక దిగే చోటును ఎంచుకోవాలి. గాలికి ఎదురుగా దిగగలిగితే మంచిది. రాగి పంట కోసిన పొలం, పచ్చిక బయలు నమ్మదగినవి; దున్నిన చేనైతే చాళ్ల వెంబడి దిగాలి. దొడ్డబళ్లాపుర, చిక్కబళ్లాపుర వైపు పైనుంచి మెత్తని పచ్చని తివాసీలా కనిపించే ద్రాక్షతోటలకు మాత్రం దూరంగా ఉండాలి: ఆ ఆకుల కింద వరుసలుగా రాతి స్తంభాలు, వాటి మధ్య బిగించిన తీగలు ఉంటాయి. కరెంటు తీగలు పైనుంచి కనిపించవు కనుక స్తంభాల వరుసను వెతకాలి. రహదారి ఊరిస్తుంది కానీ, వాహనాలూ తీగలూ డివైడర్లూ ఉండే ఆ దారిని చివరి ఎంపికగానే ఉంచాలి.

ఎత్తు చాలినంత ఉంటేనే ఇంజిన్‌ను తిరిగి రప్పించే ప్రయత్నం చేయాలి. కార్బ్యురేటర్ ఉన్న ఇంజిన్‌లో ముందుగా కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కు వేడిగాలి పంపే ఏర్పాటు) తెరవాలి, ఎందుకంటే ఇంజిన్ చల్లబడ్డాక మంచును కరిగించే వేడి మిగలదు. వానాకాలపు చెమ్మగాలిలో 20 డిగ్రీల వద్ద కూడా ఆ మంచు పేరుకుంటుంది. తరువాత ఫ్యూయల్ సెలెక్టర్ (ఇంధన ట్యాంకును ఎంచుకునే మీట), మిక్చర్ (గాలిలో ఇంధనం పాలును సర్దే మీట), మాగ్నెటోలు (స్పార్కు ప్లగ్గులకు కరెంటు ఇచ్చేవి), ప్రైమర్ (ఇంజిన్‌లోకి అదనపు ఇంధనం చిమ్మేది), ఇంధన పంపు ఉంటే పంపు వరుసగా చూడాలి. అప్పటికే మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీలోనే మేడే అనే ఆపద పిలుపు ఇవ్వాలి, రాడార్‌కు విమానం గుర్తింపును పంపే ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర కోడ్ 7700 పెట్టాలి. ఎవరితోనూ సంపర్కం లేకపోతేనే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5కు మారాలి.

టేకాఫ్ అయిన వెంటనే తక్కువ ఎత్తులో ఇంజిన్ ఆగితే రన్‌వేకు వెనుదిరగరాదు. ఇది నేను మరీ మరీ చెప్పే మాట. 45 డిగ్రీలు ఒరిగితే స్టాల్ వేగం దాదాపు 19 శాతం, 60 డిగ్రీలైతే 41 శాతం పెరుగుతుంది, పైగా ఆ మలుపులో ఎత్తు హరించుకుపోతుంది. ముక్కు దించి, ఎదురుగా ఇటూ అటూ కొద్ది కోణంలో దొరికిన చోటే దిగాలి. రెక్కలు విరిగినా క్యాబిన్ నిలిస్తే మనుషులు బతుకుతారు.

పొలం అందుతుందని రూఢి అయ్యే వరకు దాని మొదటి మూడో వంతులో దిగేలా గురి పెట్టి, రెక్కల వెనుక అంచున ఉండే పలకలైన ఫ్లాపులు దించకుండా ఉండాలి. ఎత్తు ఎక్కువైతే ఫ్లాపులతో తగ్గించవచ్చు, తక్కువైతే పెంచే మార్గం లేదు. నేల దగ్గరపడగానే మిక్చర్, ఇంధనం, ఇగ్నిషన్ ఆపివేయాలి. ఫ్లాపులు దించాక మాస్టర్ స్విచ్ (విమానం మొత్తం కరెంటుకు మీట) ఆపాలి. బెల్టులు బిగించాలి, వంగితే బిగుసుకుపోకుండా తలుపుల గొళ్లెం తీసి ఉంచాలి. వీలైనంత తక్కువ వేగంతో, ముక్కు ఎత్తి, ముందుగా వెనుక చక్రాలపై దిగాలి.

ఆగిన వెంటనే దిగి దూరంగా వెళ్లాలి, 112కు ఫోన్ చేయాలి. చిక్కబళ్లాపుర, బాగేపల్లి పల్లెల్లో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉంటారు కనుక, పరుగెత్తి వచ్చే జనాన్ని పెట్రోలు కారుతోందని తెలుగులోనే హెచ్చరించి, బీడీలు వెలిగించకుండా చూడాలి. మనుషులను కాపాడడానికి తప్ప, అధికారులు వచ్చే వరకు విమానాన్ని కదిలించరాదు.