అమెరికాలో రాష్ట్ర శాసనసభ్యుల కార్యాలయం ద్వారా సహాయం కోరే విధానం

డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ వారాల తరబడి కదలకపోయినా, నిరుద్యోగ భృతి దరఖాస్తు ‘పెండింగ్’ అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయినా, నర్సింగ్ లైసెన్సుకు పంపిన పత్రాలు బోర్డుకు చేరాయో లేదో చెప్పే నాథుడు లేకపోయినా, అమెరికాలో ఉంటున్న మనవాళ్ళు ముందు వాట్సాప్ గ్రూపులో అడుగుతారు, ఆ తర్వాత లాయరును వెతుక్కుంటారు. తాము నివసించే రాష్ట్రపు శాసనసభ్యుల కార్యాలయానికి ఒక ఉత్తరం రాయవచ్చునన్న సంగతి చాలామందికి తట్టనే తట్టదు. అక్కడ ఈ సేవను కాన్‌స్టిట్యుయెంట్ సర్వీసెస్ అంటారు. ఒక్కొక్కరి సమస్యపై జరిగే పనికి కేస్‌వర్క్ అని పేరు. దీనికి రుసుము లేదు. మీరు ఆ సభ్యులకు ఓటు వేశారా, అసలు మీకు ఓటు హక్కు ఉందా అన్నది అడ్డు కాదు. సాధారణంగా ఆ నియోజకవర్గంలో నివాసం ఉంటే చాలు కనుక, హెచ్‌-1బి వీసాపై ఉన్నవారూ, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవారూ నిస్సంకోచంగా అడగవచ్చు.

అయితే ఏమి ఆశించాలో ముందే తెలిసి ఉండాలి. మన ఊళ్ళలో ఎమ్మెల్యే సిఫారసు లేఖకున్న అర్థం వేరు, ఇక్కడ జరిగే పని వేరు. శాసనసభ్యుల కార్యాలయం ఏ శాఖ నిర్ణయాన్నీ తిరగరాయదు, అర్హత లేనివారికి అర్హత తెచ్చిపెట్టదు, వరుసలో ముందుకు జరపదు. ఆగిపోయిన ఫైలును సంబంధిత శాఖలో ఎవరో ఒకరు తెరిచి చూసి, అది ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో జవాబు చెప్పేలా చేస్తుంది. రాష్ట్ర ప్రభుత్వంలోని పెద్ద శాఖల్లో శాసనసభతో సంప్రదింపులకు ప్రత్యేకంగా ఒక లియేజన్ విభాగం ఉంటుంది. కేస్‌వర్కర్ పంపే విచారణ కాల్‌సెంటర్‌కు కాక నేరుగా ఆ విభాగానికి వెళుతుంది. శాఖల బడ్జెట్‌ను ఆమోదించేది ఆ శాసనసభే గనుక ఆ విచారణను పక్కన పడేయడం శాఖకు అంత సులువు కాదు. నా దృష్టిలో ఈ సేవ విలువ అంతా ఈ ఒక్క ఏర్పాటులోనే ఉంది.

అన్నిటికన్నా ఎక్కువగా పొరపాటు జరిగేది తలుపు ఎంచుకోవడంలో. వీసా, గ్రీన్‌కార్డు, అమెరికన్ పాస్‌పోర్టు, ఫెడరల్ ఆదాయపు పన్ను, సోషల్ సెక్యూరిటీ, ఇవన్నీ ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలు. వీటికి అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ సభ్యుల లేదా దాని ఎగువ సభలోని యూఎస్ సెనేటర్ల కార్యాలయాన్ని ఆశ్రయించాలి. రాష్ట్ర ఎగువ సభలో ఉండే స్టేట్ సెనేటర్, యూఎస్ సెనేటర్ అన్న పేర్లు దగ్గరగా ఉండడం వల్ల తప్పు చిరునామాకు వెళ్ళే ఉత్తరాలు తక్కువేమీ కావు. డ్రైవింగ్ లైసెన్సు, నిరుద్యోగ భృతి, తక్కువ ఆదాయం ఉన్నవారి ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్, రాష్ట్ర పన్ను రిఫండు, వృత్తి లైసెన్సులు, పత్రాలు విదేశాల్లో చెల్లేలా ధ్రువీకరించే అపోస్టిల్ ముద్ర వంటివి రాష్ట్ర శాసనసభ్యుల పరిధిలోకి వస్తాయి. వీధిదీపాలు, చెత్త సేకరణ వంటివాటికి నగరపాలక సంస్థనూ, ఆస్తిపన్నుకు చాలా చోట్ల మన జిల్లా వంటి కౌంటీనీ అడగాలి.

కొన్ని సమస్యలు రెండు తలుపుల మధ్య ఇరుక్కుంటాయి. హెచ్‌-1బి పొడిగింపు తర్వాత లైసెన్సు రెన్యువల్‌కు వెళితే, రాష్ట్ర శాఖ మీ ఇమిగ్రేషన్ వివరాలను ఫెడరల్ ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ నడిపే ‘సేవ్’ అనే వ్యవస్థలో సరిచూస్తుంది. వివరాలు వెంటనే సరిపోలకపోతే దరఖాస్తు అదనపు పరిశీలనకు వెళ్ళి అక్కడే ఉండిపోవచ్చు. అది ఏ దశలో ఉందో సేవ్ కేస్‌చెక్ పేజీలో మీరే చూసుకునే వీలుంది. పరిశీలన ముగిసినా శాఖ లైసెన్సు ఇవ్వకపోతే రాష్ట్ర శాసనసభ్యులకు రాయండి. పరిశీలనే ముగియకపోతే కాంగ్రెస్ సభ్యులకు రాయండి.

మీ సభ్యులెవరో రాష్ట్ర శాసనసభ వెబ్‌సైటులో ఇంటి చిరునామా ఇస్తే తెలుస్తుంది. పిన్‌కోడ్ వంటి జిప్‌కోడ్ ఒక్కటే ఇస్తే సరిపోదు, ఒకే జిప్‌కోడ్‌లో రెండు మూడు నియోజకవర్గాలు ఉండవచ్చు. నెబ్రాస్కాలో తప్ప మిగిలిన 49 రాష్ట్రాల్లో రెండేసి సభలు ఉన్నాయి కాబట్టి మీకు కనీసం ఇద్దరు ప్రతినిధులు ఉంటారు. న్యూజెర్సీలో అయితే ప్రతి నియోజకవర్గానికీ ఒక సెనేటరు, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు. ఎవరినైనా అడగవచ్చు గానీ ఒకే సమస్యను ఒకేసారి ఇద్దరికీ పంపకండి. రెండు విచారణలు ఒకే అధికారి బల్ల మీదకు చేరితే పని వేగం పెరగదు, గందరగోళం పెరుగుతుంది. సిబ్బంది స్థాయి కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియా సభ్యులకు నియోజకవర్గంలో పూర్తిస్థాయి కార్యాలయాలు ఉంటాయి. 400 మంది సభ్యులున్న న్యూహాంప్‌షైర్ దిగువ సభలో రెండేళ్ళ పదవీకాలానికి వేతనం 200 డాలర్లు మాత్రమే, కనుక అక్కడ మీ ఈమెయిలుకు సభ్యులే స్వయంగా జవాబు రాస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

రాసే ముందు శాఖను మీరే ఒకటి రెండుసార్లు సంప్రదించి, ఆ తేదీలు రాసి పెట్టుకోవాలి. కేస్‌వర్కర్ మొదట అడిగేది అదే. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఆవేదన రెండు వాక్యాల్లో, వివరాలు మిగతా పేజీలో ఉండాలి. ఉదాహరణకు ఇలా: ‘మార్చి 4న లైసెన్సు రెన్యువల్‌కు దరఖాస్తు చేశాను. దరఖాస్తు సంఖ్య ఇది. ఏప్రిల్ 10న, 24న ఫోన్ చేయగా పరిశీలనలో ఉందన్నారు. నా తాత్కాలిక పర్మిట్ మే 12తో ముగుస్తుంది. దరఖాస్తు ఏ దశలో ఉందో, నా నుంచి ఇంకా ఏ పత్రం కావాలో శాఖను అడిగి తెలుపగలరు.’ ఆ చివరి వాక్యంలో అడిగింది జవాబు ఇవ్వగలిగిన ప్రశ్న. ‘దయచేసి న్యాయం చేయండి’ అని రాస్తే కేస్‌వర్కర్ శాఖను ఏమడగాలి?

పేరు విషయంలో మనవాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికన్ వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్ళి, మొదటి పేరు గడిలో, మొదటి పేరు తెలియదన్న అర్థంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలు చేరతాయి. దాంతో ఒక రికార్డులో ఒక తీరుగా, మరో రికార్డులో ఇంకో తీరుగా పేరు నమోదై, అధికారి వెతికినప్పుడు ఫైలే కనబడదు. ఏ పత్రంలో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా ఉత్తరంలోనే రాయండి.

మీ వ్యక్తిగత వివరాలను శాఖ మూడో వ్యక్తికి చెప్పాలంటే మీ లిఖిత అనుమతి కావలసి వస్తుంది, అందుకే కార్యాలయం ప్రైవసీ రిలీజ్ ఫారం పంపుతుంది. ఎవరి పేరున దరఖాస్తు ఉందో వారే సంతకం చేయాలి. భార్య దరఖాస్తుకు భర్త సంతకం చెల్లదు. సోషల్ సెక్యూరిటీ సంఖ్యను మామూలు ఈమెయిలులో పంపకుండా, ఏ మార్గంలో ఇవ్వాలో ఫోన్‌లో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక అప్పీలు గడువు మాట. కార్యాలయానికి రాసినంత మాత్రాన గడువు ఆగదు. నిరుద్యోగ భృతి నిరాకరించినట్లు నోటీసు వస్తే అప్పీలుకు టెక్సస్‌లో 14 రోజులు, కాలిఫోర్నియాలో 30 రోజులు గడువు. ఆ లెక్క నోటీసు మీకు అందిన రోజు నుంచి కాక, దాన్ని పోస్టు చేసిన రోజు నుంచి మొదలవుతుంది. ముందు అప్పీలు వేయండి, తర్వాత శాసనసభ్యులకు రాయండి. కోర్టులో నడుస్తున్న కేసుల్లోనూ, ఇంటి యజమానితోనో ఉద్యోగం ఇచ్చిన సంస్థతోనో వచ్చిన ప్రైవేటు తగాదాల్లోనూ ఈ కార్యాలయం కలుగజేసుకోదు, న్యాయ సలహా ఇవ్వదు.

ఫారం పంపాక మీ సమస్య చూస్తున్న కేస్‌వర్కర్ పేరు అడిగి పెట్టుకోండి. రెండు వారాల్లో కబురు లేకపోతే కొత్త ఉత్తరం మొదలుపెట్టకుండా పాత ఈమెయిలుకే జవాబుగా గుర్తు చేయండి. మధ్యలో అపార్ట్‌మెంటు లీజు ముగిసి ఇల్లు మారితే, కొత్త చిరునామాను శాఖకూ కార్యాలయానికీ రెంటికీ తెలపాలి. కొత్త ఇల్లు వేరే నియోజకవర్గంలోకి వస్తే పాత కార్యాలయం కేసు కొనసాగిస్తుందో లేదో అడగండి. కొనసాగించకపోతే అప్పటిదాకా శాఖ ఇచ్చిన జవాబుల నకళ్ళు తీసుకుని, వాటితోనే కొత్త సభ్యుల కార్యాలయానికి వెళ్ళండి.