అల్యూమినియం పడవ లోపలి పూతకు రంగు ఎంచుకోవడం: సమస్యలు, పరిష్కారాలు

డాలస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువాళ్ళలో గాలం సరదా ఉన్న కొందరు ఎప్పుడో ఒకప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో ఒక జాన్ బోటు కొంటారు. అడుగు బల్లపరుపుగా, ముక్కు మొండిగా ఉండే ఈ 14 అడుగుల అల్యూమినియం పడవ తేలికగా ఉంటుంది, చవకగా దొరుకుతుంది, లూయిస్‌విల్, రే రాబర్ట్స్ వంటి సరస్సుల్లో లోతు తక్కువగా ఉన్న ఒడ్డు వెంబడి కూడా పోగలదు. కొన్న వారం తిరగకముందే లోపలి పాత కార్పెట్‌ను పీకేసి, పికప్ ట్రక్కుల తొట్టికి వేసే బెడ్ లైనర్ తరహా గరుకు పూత వేయాలన్న ఆలోచన మొదలవుతుంది. ఎన్ని కోట్లు వేయాలి, ఎంతసేపు ఆరనివ్వాలి అన్నవాటికి డబ్బా మీదే జవాబు ఉంటుంది. రంగు విషయంలో మాత్రం అది సాయపడదు. గరాజ్ నీడలో కంటికి నచ్చిన రంగును ఎంచుకుని, దాన్ని జూలై ఎండలో, నీటి నడుమ వాడతాం కనుక చాలా పడవల్లో రంగు తప్పిపోతుంది. పడవ అంతటికీ ఒకే రంగు ఉండాలనుకోవడమే సగం చిక్కులకు మూలమని నా అభిప్రాయం. కాలు పెట్టే చోటు, కూర్చునే చోటు, కంటికి ఎదురుగా ఉండే చోటు వేర్వేరు కాబట్టి వాటికి కావలసిన రంగులూ వేర్వేరే.

సమస్య: ముందు డెక్కు, బెంచీలు కాలిపోతున్నాయి, నేల మాత్రం చల్లగానే ఉంది

మా పడవకు మొదటిసారి నేను వేసింది నలుపు. దుకాణంలో సులభంగా దొరికేది అదే, చూడటానికీ బాగుంటుంది. జూలైలో ఒక మధ్యాహ్నం మా అబ్బాయి చెప్పులు విడిచి ముందు డెక్కు మీద కాలు పెట్టి, పెట్టిన కాలు పెట్టినట్టే వెనక్కి తీసుకున్నాడు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూస్తే అక్కడ 65 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంది. రెండడుగుల దూరంలో, అదే నల్లని పూత ఉన్న పడవ నేల మీద మాత్రం వాడు హాయిగా నిలబడ్డాడు.

కారణం: మబ్బులేని మధ్యాహ్నం చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. నలుపు అందులో 90 శాతానికి పైగా లోపలికి లాక్కుంటుంది, శుభ్రమైన తెలుపు 20 నుంచి 30 శాతం మాత్రమే తీసుకుంటుంది. అయితే పడవ నేల రేకుకు అవతలి వైపు సరస్సు నీరు తగులుతూ ఉంటుంది. అల్యూమినియం వేడిని ఉక్కు కంటే రెండున్నర రెట్లకు పైగా వేగంగా పంపుతుంది కాబట్టి, నేల మీద పడిన వేడి ఎప్పటికప్పుడు నీటిలోకి దిగిపోతుంది. డెక్కుకు, బెంచీలకు ఆ సౌకర్యం లేదు. వాటి కింద గాలి ఉంటుంది, లేదా తేలడానికి నింపిన ఫోమ్ ఉంటుంది. ఫోమ్ వేడిని అసలే పోనివ్వదు కనుక, బెంచీ పై రేకు అన్నిటికంటే ముందు కాగుతుంది.

పరిష్కారం: డెక్కుకు, బెంచీల పై భాగానికి, చేయి ఆనే అంచులకు లేత రంగు వేయాలి. లేత బూడిద, ఇసుక రంగు, లేత గోధుమ రంగు, వీటిలో ఏదైనా సరిపోతుంది. ఇప్పటికే నల్లని పూత ఉండి అది గట్టిగా పట్టుకుని ఉంటే, పెళ్ళగించనక్కరలేదు. గరుకు ప్యాడ్‌తో రుద్ది, మెరుపు పోయాక, కడిగి ఆరబెట్టి, ఆ పూతకు సరిపడే లేత రంగు పైకోటు వేస్తే చాలు. నీటిలో మునిగి ఉండే నేలకు ముదురు రంగు ఉన్నా పెద్ద ఇబ్బంది లేదు, కానీ ట్రెయిలర్ మీద ఎండలో నిలిపినప్పుడు ఆ నేల కూడా డెక్కులాగే కాగుతుందని గుర్తుంచుకోవాలి.

రంగులను పోల్చి చూడాలంటే అల్యూమినియం రేకు ముక్కల మీద మూడు నాలుగు రంగులు వేసి, కింద థర్మాకోల్ పెట్టి, మధ్యాహ్నం ఎండలో గంటసేపు ఉంచి కొలవవచ్చు. పూత లేని మెరిసే అల్యూమినియాన్ని కూడా పోలికకు పెడితే ఒక జాగ్రత్త అవసరం. మెరిసే లోహం తన వేడిని చాలా తక్కువగా వెలువరించి, చుట్టూ ఉన్నవాటి వేడిని ప్రతిఫలిస్తుంది కాబట్టి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ దాన్ని ఉన్నదానికంటే చాలా చల్లగా చూపిస్తుంది. ఆ ముక్క మీద చిన్న మాస్కింగ్ టేపు అంటించి, కాసేపాగి, ఆ టేపు మీద కొలవాలి. ఈ సంగతి తెలియక “బోడి రేకే చల్లన” అని నమ్మి, పూత వేయడమే మానుకున్నవారున్నారు.

సమస్య: తెలుపు వేశాక వేడి తగ్గింది, కానీ కళ్ళు తెరవలేకపోతున్నాం

కారణం: ఎండను వెనక్కి తిప్పి కొట్టే రంగు దాన్ని ఎటో ఒక వైపుకు పంపాలి కదా. పడవలో కూర్చున్నవారి ముఖానికి దగ్గరగా ఉండేవి లోపలి పక్క గోడలు, ఎదుటి బెంచీ నిలువు భాగం. అవి తెల్లగా ఉంటే కిందనుంచి పైకి వెలుగు కొడుతుంది, టోపీ అంచు దాన్ని ఆపలేదు. పోలరాయిడ్ కళ్ళద్దాలు నీటి మీది మెరుపును బాగా తగ్గిస్తాయి కానీ, గరుకు తెలుపు నుంచి అన్ని దిక్కులకూ చెదిరే వెలుగు మీద వాటి ప్రభావం అంతగా ఉండదు. రాత్రి వేటలో తలకు లైటు కట్టుకున్నవారికి ఇదే బాధ మరో రూపంలో ఎదురవుతుంది. పెట్టెలోంచి ఏదో తీద్దామని తల వంచగానే తెల్లని నేల నుంచి వెలుగు ఎదురు కొట్టి, చీకటికి అలవాటుపడిన చూపు చెదిరిపోతుంది.

పరిష్కారం: అడుగు పెట్టే పై భాగాలను లేత రంగులోనే ఉంచి, కంటికి ఎదురుగా ఉండే నిలువు భాగాలకు మధ్యస్థమైన బూడిద రంగో ఆలివ్ పచ్చో వేయాలి. నిలువు గోడల మీద మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా పడుతుంది, వాటిని ఎవరూ తొక్కరు, కనుక అక్కడ కాస్త ముదురు రంగు ఉన్నా నష్టం లేదు. బాతుల వేటకు వెళ్ళేవారు గడ్డిలో కలిసిపోవడం కోసం పడవ అంతా ఆలివ్, మట్టి రంగులు వేస్తారు. అది శీతకాలపు వేట కనుక వారికి వేడి సమస్య కాదు, వేసవిలో గాలం వేసేవారు వారిని చూసి అనుకరించనక్కరలేదు.

లోపలి రంగును చూసి చేపలు బెదురుతాయేమో అని కొందరు అడుగుతుంటారు. నీటి లోపలి చేపకు పడవ అడుగు కనిపిస్తుంది కానీ లోపలి నేల కనిపించదు. చేపను బెదరగొట్టేది చప్పుడు. బోడి అల్యూమినియం మీద కటింగ్ ప్లేయర్ జారిపడితే కంచు పళ్ళెం మోగినట్టు మోగుతుంది. రబ్బరు కలిసిన మందమైన పూత ఏ రంగులో ఉన్నా ఆ చప్పుడును చాలావరకు మింగేస్తుంది.

సమస్య: మరకలు పోవడం లేదు, గీతలు ఎత్తి కనిపిస్తున్నాయి, పడిన వస్తువు దొరకడం లేదు

ఈ మూడింటినీ కలిపి చూడటమే మంచిది, ఎందుకంటే ఒకదాన్ని సరిచేసే రంగు మరొకదాన్ని చెడగొడుతుంది. తెలుపు మీద చేప నెత్తురు, నానిన ఆకుల గోధుమ మరక, బూటు మడమ నల్లగీత అన్నీ కనిపిస్తాయి. నలుపు మీద నెత్తురు కనిపించదు కానీ, ఎండిన బురద, పొలుసులు తెల్లగా తేలతాయి. సీసపు గుండు, చిన్న గాలపు ముల్లు నల్లని నేల మీద పడితే వెతకడం కష్టం, చివరికి దాన్ని కనిపెట్టేది కంటికంటే ముందు అరికాలే. ఇక లంగరు ఈడ్చినప్పుడు పూత చిరిగితే లోపలి నుంచి బయటపడేది వెండి రంగు. నలుపు మీద అది మెరిసే గాయంలా ఉంటుంది, ఆలివ్ మీదా అంతే. లేత బూడిద మీద మాత్రం నాలుగడుగుల దూరం నుంచి చూస్తే తెలియదు, అది దాదాపు అల్యూమినియం రంగే కాబట్టి. ఒక్క రంగే వేయగలను, రెండోది కొనలేను అనేవారికి నేను లేత బూడిదనే చెప్పడానికి ముఖ్య కారణం ఇదే. రెండు మూడు ఛాయల చుక్కలు కలిసిన పూత దొరికితే ఇంకా మంచిది.

మరకలు వదలకపోవడానికి రంగు కంటే గరుకుతనమే ఎక్కువ కారణం. గింజ ఎంత ముతకగా ఉంటే మురికి అంత లోతుగా దాక్కుంటుంది. కాలు జారే ప్రమాదం ఉన్న డెక్కు మీద ముతక గింజ, చేపలు వేసే చోట, నీరు పారే కాలువ వెంబడి నున్నటి పూత వేసుకోవాలి. నెత్తురును ఆరకముందే సరస్సు నీటితో కడిగేసి, ఇంటికి వచ్చాక గిన్నెలు తోమే సబ్బు నీటితో బ్రష్ చేస్తే చాలు. బ్లీచింగ్ ద్రావణం వాడకూడదు, పూత చిరిగిన చోట అది అల్యూమినియాన్ని తింటుంది.

టెక్సాస్‌లో దీనికి మరో కోణం ఉంది. 2009లో టెక్సోమా సరస్సులో జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు బయటపడ్డాయి, తర్వాత అవి ఇతర సరస్సులకూ పాకాయి. వాటి పిల్లలు కంటికి కనిపించనంత చిన్నవి, నిలిచిన నీటిలో ప్రయాణం చేస్తాయి. అందుకే సరస్సు విడిచే ముందు పడవలోని నీరంతా వంపేయాలని రాష్ట్ర నిబంధన ఉంది. ముతక పూత నీటిని పట్టి ఉంచుతుంది. ముదురు రంగు నేల మీద ఆ తడి, మూలన మిగిలిన నాచు కనిపించవు, లేత రంగు మీద వెంటనే తెలుస్తాయి.

సమస్య: రెండు వేసవులు గడవకముందే రంగు పసుపెక్కింది, లేదా చేతికి సుద్దలా అంటుకుంటోంది

కారణం: పూతకు ఆధారమైన పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పదార్థం రకం. అరోమాటిక్ రకం చవక, గట్టిది, కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు రంగు మారుతుంది. అలిఫాటిక్ రకం ఆ కిరణాలను తట్టుకుంటుంది, ధర ఎక్కువ. తెలుపు, లేత బూడిద రంగుల్లో పసుపు త్వరగా బయటపడుతుంది. నలుపులో మసి వర్ణకం కిరణాలను కొంత ఆపుతుంది కాబట్టి ఆలస్యంగా చెడుతుంది, చెడినప్పుడు పాలిపోయి బూడిదగా మారుతుంది. పరిష్కారం సులభమే, లేత రంగు ఎంచుకున్నవారు అలిఫాటిక్ అని రాసి ఉన్నదే కొనాలి. ఇప్పటికే పసుపెక్కినదాన్ని కడిగి, గరుకు చేసి, అలిఫాటిక్ పైకోటు వేసుకోవాలి.

సమస్య: నమూనా కార్డులో చూసిన రంగు ఒకటి, పడవలో వచ్చింది మరొకటి

గరుకు ఉపరితలంలో ప్రతి గింజా తన పక్కన చిన్న నీడ వేస్తుంది, అందుకే నున్నటి కార్డు మీది రంగు కంటే పడవలో ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. కావలసినదానికంటే ఒక ఛాయ లేతది ఎంచుకోవాలి. ఒక పక్క ఒక ఛాయ, మరో పక్క ఇంకో ఛాయ వచ్చిందంటే, వర్ణకాన్ని ఏ సీసాకు ఆ సీసాలో విడిగా కలిపారన్నమాట. రాప్టర్ వంటి, మూడు పాళ్ళ పూతకు ఒక పాలు హార్డెనర్ (పూతను గట్టిపరిచే ద్రవం) కలిపే రకాల్లో, ముందుగా అన్ని సీసాల పూతనూ ఒక పెద్ద బకెట్లో పోసి, రంగు అంతటికీ ఒకేసారి కలిపి, ఆ తర్వాతే అప్పటికప్పుడు వాడబోయే పూతకు మాత్రమే హార్డెనర్ చేర్చుకోవాలి. హార్డెనర్ పడిన తర్వాత గడియారం మొదలైనట్టే.

సమస్య: పెచ్చులు లేస్తున్నాయి, బుడగలు వస్తున్నాయి

నలుపు వేయడం వల్లే ఊడిందని చాలామంది రంగును తిడతారు. అందులో కొంత నిజముంది. అల్యూమినియం ప్రతి డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్ల చొప్పున సాగుతుంది. 14 అడుగుల పడవ ఉదయం నుంచి మధ్యాహ్నానికి 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4 మిల్లీమీటర్లు పొడుగవుతుంది, ముదురు రంగు ఆ తేడాను పెంచుతుంది. కానీ బాగా పట్టుకున్న పూత అంత మాత్రానికి ఊడదు. అసలు కారణం దాదాపు ఎప్పుడూ కిందే ఉంటుంది. గాలి తగిలిన క్షణాల్లో అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, ఏళ్ళ తరబడి పట్టిన మందమైన ఆక్సైడ్, కార్పెట్ జిగురు, చేప నూనె మీద ఏ పూతా నిలవదు.

పరిష్కారం: ఊడినంత మేర తీసేసి, ముందు జిడ్డు వదిలించాలి, ఆ తర్వాతే రుద్దాలి, లేకపోతే జిడ్డునే గీతల్లోకి నూరినట్టవుతుంది. 80 గ్రిట్ శాండ్‌పేపర్ సరిపోతుంది. ఇనుప తీగల బ్రష్ వాడకూడదు, దాని ఇనుప తునకలు రేకులో ఇరుక్కుని తర్వాత తుప్పు మచ్చలుగా పైకి వస్తాయి. నీళ్ళు చల్లి చూసినప్పుడు ముత్యాల్లా విడిపోకుండా పలచని తెరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు. పూర్తిగా ఆరాక, ఆలస్యం చేయకుండా, అల్యూమినియానికి తగిన ఎచింగ్ ప్రైమర్ (ఆమ్లంతో రేకును కొద్దిగా కొరికి పట్టునిచ్చే అడుగుపూత) లేదా ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. ఎచింగ్ ప్రైమర్ మీద నేరుగా ఆ పూత పడుతుందో లేదో పూత తయారీదారు కాగితంలో చూసుకోవాలి. బుడగలు ఎక్కువగా వచ్చేది కాలుతున్న రేకు మీద ఎండలో పూసినప్పుడు, లేదా కనిపించని మంచు తడి మీద పూసినప్పుడు. రేకు వేడి, గాలిలోని తేమ మంచు బిందువులుగా మారే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉండి, సాయంత్రం నీడ పడ్డ తర్వాత పని మొదలుపెడితే రెండు బాధలూ తప్పుతాయి.

పాత ప్లైవుడ్ డెక్కు తీసినప్పుడు దాని కింద తెల్లని పొడి, గుంటలు కనిపిస్తే అది వేరే జబ్బు. రాగి ఉప్పులతో శుద్ధి చేసిన కలప తడిసి అల్యూమినియాన్ని తినేసింది. అలాంటి కలపను తిరిగి బిగించకూడదు, రాగి కలిసిన పెయింటు ఏ రంగులో నచ్చినా దగ్గరకు రానివ్వకూడదు.

చివరగా, పూసే ముందు మాస్కింగ్ టేపు వేయవలసిన చోట్లు రెండున్నాయి. ఒకటి, ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువు మోయగలదో చెప్పే సామర్థ్యపు పలక. ఇది 20 అడుగుల లోపు మోటారు పడవలకు అమెరికా చట్టం ప్రకారం ఉండవలసినది, దాని అంకెలు చదవడానికి వీలుగా ఉండాలి. రెండోది, బెంచీల అడుగున నీరు కారే చిన్న సందులు. గరుకు పూత వాటిని ఇట్టే పూడ్చేస్తుంది, అప్పుడు నీరు ఫోమ్‌లోకి చేరుతుంది, పడవ ఏడాదికేడాది బరువెక్కుతుంది.