తక్కువ పెట్టుబడితో కర్రీ పాయింట్ నడపడం ఎలా?

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఏ కాలనీకి వెళ్ళినా సందు మలుపులో ఒక కర్రీ పాయింట్ కనిపిస్తుంది. ఇంట్లో కుక్కర్‌లో అన్నం పడేసి, కూర మాత్రం బయట తెచ్చుకునే ఇళ్ళు ఎక్కువయ్యాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసేవాళ్ళు, రూముల్లో ఉండే కుర్రాళ్ళు, పిల్లలు దూరాన ఉన్న పెద్దవాళ్ళు రోజూ వచ్చే గిరాకీ. టేబుళ్ళు, కుర్చీలు, సర్వర్లు అక్కర్లేదు కాబట్టి హోటల్ పెట్టలేనివాళ్ళు కూడా ఈ వ్యాపారంలోకి ధైర్యంగా దిగుతారు.

అలా దిగి, ఏడాది తిరక్కుండానే షట్టర్ దించేసేవాళ్ళూ చాలామందే ఉంటారు. వంట బాగోలేక మూసేది తక్కువ. సాయంత్రం దాకా గల్లా పెట్టె నిండుతూనే ఉంటుంది, నెలాఖరుకు చూస్తే అద్దెకు అప్పు చేయాల్సి వస్తుంది. ఆ డబ్బు పోయేది ఎక్కువగా రాత్రి పదింటికి గిన్నెల్లో మిగిలిపోయిన కూరలోనే. అది రాసుకునే అలవాటు ఉన్నవాళ్ళు చిన్న సందులోనైనా నిలబడతారు. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్ళు ఏం చేయాలో వరసగా చూద్దాం.

1. షాపు వెతకడానికి ముందు ఇంటి నుంచి అమ్మి చూడండి

మీ అపార్ట్‌మెంట్, పక్క అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున తొమ్మిదికి ఆ రోజు కూరలు పెట్టండి. పదకొండు వరకు ఆర్డర్లు తీసుకోండి. ఆర్డర్ వచ్చినంతే వండండి, ఒంటిగంటలోపు ఇళ్ళకు చేర్చండి. ఇలా కొన్ని వారాలు చేస్తే మీ చేతి వంటలో జనం మళ్ళీ అడిగేది ఏది, ఒకసారి కొని ఊరుకున్నది ఏది అన్నది తెలిసిపోతుంది. ఇంట్లో వాళ్ళు, చుట్టాలు ఇచ్చే మెచ్చుకోలు కంటే డబ్బిచ్చి రెండోసారి కొన్నవాళ్ళ మాటే నమ్మదగింది.

షాపు తీసుకుంటే అడ్వాన్స్, అద్దె, బోర్డు, కౌంటర్ అంటూ వండకముందే డబ్బంతా అయిపోతుంది. రోజుకు నలభై యాభై ప్యాకెట్లు ఇంటి నుంచే పోతున్నాయంటే అప్పుడు షాపు చూడండి. మెయిన్ రోడ్డే కావాలని పట్టుబట్టకండి. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేవాళ్ళు బండి ఆపుకోవడానికి నాలుగడుగుల జాగా ఉన్న సందు చాలు.

2. ఒక్కో ప్యాకెట్‌కు ఎంత పడుతోందో లెక్క కట్టండి

ఇది కూర్చుని, కాగితం మీద, కాటా పక్కన పెట్టుకుని చేయాల్సిన పని. పక్క షాపువాడు ముప్పైకి ఇస్తున్నాడని మనమూ ముప్పై పెట్టేస్తే ఏ కూరలో ఎంత వస్తోందో ఎప్పటికీ తెలియదు. కింది ధరలు లెక్క కోసం వేసినవి, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

టమాటా పప్పు తీసుకోండి. కందిపప్పు కిలో 130, టమాటాలు కిలో 30, నూనె, పోపు, కారం, పసుపు, పచ్చిమిర్చి కలిపి 40, గ్యాస్ 20. మొత్తం 220 రూపాయలు. నీళ్ళతో కలిపి ఉడికాక దాదాపు నాలుగున్నర కిలోల పప్పు వస్తుంది. ప్యాకెట్‌కు 200 గ్రాములు పోస్తే 22 ప్యాకెట్లు. ఒక్కోటి 10 రూపాయలు, కవరు, రబ్బరు బ్యాండు కలిపితే 11.

ఇప్పుడు బెండకాయ వేపుడు. బెండకాయలు 5 కిలోలు 200, నూనె అరకిలో 75, పల్లీలు, ఉల్లిపాయ, కారం, కరివేపాకు 60, గ్యాస్ 30. మొత్తం 365. తొడిమలు, ముదురు కాయలు తీసేసి, తేమంతా పోయేదాకా వేయించాక గిన్నెలో మిగిలేది రెండున్నర కిలోలు. ప్యాకెట్‌కు 100 గ్రాములే పెట్టినా వచ్చేది 25 ప్యాకెట్లు. ఒక్కోటి పద్నాలుగున్నర, కవరుతో పదిహేనున్నర.

రెండూ 30 రూపాయలకే అమ్మారనుకోండి. పప్పులో 19 మిగులుతాయి, వేపుడులో పద్నాలుగున్నర. కిలో 130 పెట్టి కొన్న కందిపప్పే ఖరీదైందని అందరం అనుకుంటాం. నిజానికి అది ఉడికి పెరుగుతుంది, కూరగాయ వేగి తరుగుతుంది. గరిటె కాస్త ఎక్కువ పడినా వేపుడులో లాభం పోతుంది. అందుకే ప్రతి కూరనూ పొయ్యి మీంచి దించాక కాటా మీద పెట్టి బరువు రాసుకోండి. ప్యాకెట్లు కట్టేవాళ్ళకు చేతి అంచనా వదిలేసి ఒకే కొలత గరిటె ఇవ్వండి.

3. రోజు ఖర్చు ఎన్ని ప్యాకెట్లతో తీరుతుంది?

అద్దె 9,000, సహాయానికి ఒక మనిషి 12,000, కరెంటు 1,500, నీళ్ళు, శుభ్రం, ఫోను, చిల్లర ఖర్చులు 1,500. నెలకు 24,000, అంటే రోజుకు 800. సగటున ప్యాకెట్‌కు 16 రూపాయలు మిగిలితే మొదటి 50 ప్యాకెట్లు వీటికే పోతాయి. తర్వాత మీ కూలి. రోజుకు 600 అయినా రాసుకోండి. అప్పుడు 88 ప్యాకెట్లు అమ్మితే తప్ప ఆ రోజు గిట్టదు. పొద్దున నాలుగున్నరకు లేచి కూరగాయలు తరిగే అమ్మకో, అత్తగారికో, భార్యకో కూలి వేయకుండా లాభం వచ్చిందని చెప్పుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇంటి మనిషి కష్టాన్ని లెక్కలోకి తెస్తేనే ఈ వ్యాపారం నిలుస్తుందో లేదో తెలుస్తుంది.

4. కూరలు తక్కువ పెట్టండి, మిగిలింది రాయండి

మొదట్లోనే పన్నెండు గిన్నెలు వరసగా పెట్టాలని అందరికీ ఉంటుంది. చూడ్డానికి నిండుగా ఉంటుంది, నిజమే. కానీ రోజుకు వంద మంది వచ్చే షాపులో పన్నెండు రకాలుంటే ప్రతి గిన్నెలోనూ కాస్త కాస్త మిగులుతుంది. ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పులుసో ఇగురో, సాంబారు, ఒక రోటి పచ్చడి. ఐదు చాలు. రోజూ మార్చుకుంటూ పోతే కొనేవాళ్ళకు విసుగు రాదు.

15 ప్యాకెట్లు మిగిలాయంటే, ఒక్కో దానికి 13 రూపాయల సరుకు వేసుకున్నా, 195 రూపాయలు పోయినట్టే. దాన్ని పూడ్చడానికి ఇంకో పన్నెండు ప్యాకెట్లు అమ్మాలి. రోజూ ఇదే జరిగితే నెలకు 5,850 రూపాయలు. పై లెక్కలోని అద్దెలో సగానికన్నా ఎక్కువ.

ఒక నోటు పుస్తకం పెట్టండి. రాత్రి షట్టర్ దించే ముందు ప్రతి కూరకూ మూడు అంకెలు: ఎంత వండాం, ఎంత అమ్మాం, ఎంత మిగిలింది. పక్కన ఏ వారం, వాన పడిందా, జీతాల వారమా, ఏ కూర ఎన్నింటికి అయిపోయింది అన్నది ఒక్క మాటలో రాయండి. నెల తిరిగేసరికి మంగళవారం దొండకాయ ఎన్ని కిలోలు కొనాలో ఆ పుస్తకమే చెబుతుంది. ఎనిమిదింటికే అయిపోయే కూర కూడా నష్టమే, కానీ గిన్నెలో మిగిలిన కూరంత నష్టం కాదు. సందేహం వచ్చినప్పుడు తక్కువే వండండి. సాయంత్రానికి మొత్తం ఒకేసారి వండకుండా, ఏడింటికి గిరాకీ చూసి రెండో వాయి వేసుకోండి.

మిగిలినదాన్ని మర్నాడు వేడి చేసి అమ్మే ఆలోచన వద్దు. వేసవిలో సాంబారు, కొబ్బరి వేసిన కూరలు గంటల్లోనే పులుస్తాయి. ఒక్కసారి ఎవరి కడుపైనా పాడైతే ఆ అపార్ట్‌మెంట్ మొత్తం పోతుంది. తొమ్మిదిన్నర తర్వాత రెండు ప్యాకెట్లు కొంటే ఒకటి సగం ధరకు ఇవ్వండి. అప్పటికీ బాగుండగానే మిగిలితే వాచ్‌మన్ కుటుంబానికి ఇవ్వండి.

సరుకు వృథా కాకుండా చూసుకోవడం మనవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. బీరకాయ కూర వండే రోజు ఆ చెక్కుతోనే తొక్కు పచ్చడి చేయండి. నువ్వులు, పచ్చిమిర్చి, చింతపండు ఖర్చు తప్ప కూరగాయ ఖర్చు లేదు. గిన్నెల్లో అన్నిటికంటే ఎక్కువ మిగిలే లాభం దానిదే అవుతుంది. దోసకాయ ఒకటే తెచ్చి సగం పప్పులో, సగం పచ్చడిలో వేయొచ్చు. కొత్తిమీర కాడలు చారులోకి వెళ్ళాలి.

5. కొనే చోట, కొనే వేళ

టమాటా, ఉల్లి ధరలు వారం వారం మారతాయి. ధర రెండింతలైన వారం టమాటా పప్పు పట్టుకుని వేలాడకుండా చింతచిగురు, మామిడికాయ, గోంగూర, ఏది చవగ్గా దొరికితే అది పప్పులో వేయండి. ముందు మెనూ అనుకుని మార్కెట్‌కు వెళ్ళడం ఇంటి పద్ధతి. కర్రీ పాయింట్ నడిపేవాళ్ళు మార్కెట్ చూశాక మెనూ అనుకోవాలి.

రైతుబజార్లో బోర్డు మీద ధరలు రాసి ఉంటాయి కాబట్టి బేరానికి అదే ఆధారం. హైదరాబాద్‌లో బోయిన్‌పల్లి, గుడిమల్కాపూర్, విజయవాడలో కాళేశ్వరరావు మార్కెట్ లాంటి పెద్ద మార్కెట్లకు ఒక్కరే వెళ్తే ఆటో ఖర్చుకే సరిపోతుంది. దగ్గర్లో టిఫిన్ సెంటర్ నడిపేవాళ్ళతో కలిసి ఒకే ఆటోలో తెచ్చుకుంటే గిడుతుంది. చింతపండు, ఎండుమిర్చి కొత్త పంట వేసవికి వస్తుంది, అప్పుడే కొనడం మేలు. అలాగని చేతిలో డబ్బంతా బస్తాల్లో పెట్టేయకండి, రెండు మూడు నెలల సరుకు చాలు.

గిన్నెలు, గ్రైండర్, పొయ్యి సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి. మూసేసిన హోటళ్ళ సామాను ఊళ్ళో ఎప్పుడూ అమ్మకానికి ఉంటుంది. పులుసులకు, చారుకు మాత్రం స్టీలు గిన్నెలే కొనండి, చింతపండు పులుపుకు అల్యూమినియం పనికిరాదు. గ్యాస్ పైపు, రెగ్యులేటర్ పాతవి వద్దు.

6. అప్పు, అరువు

రోజువారీ ఫైనాన్స్‌వాళ్ళు షాపు తెరిచిన వారానికే వస్తారు. 10,000 అని చెప్పి 1,500 పట్టుకుని 8,500 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. రోజుకు వందే కదా అనిపిస్తుంది. లెక్క కడితే నెలకు నూటికి దాదాపు 10 రూపాయల వడ్డీ పడుతుంది. కూరల మీద వచ్చే లాభం దీన్ని మోయలేదు.

దానికంటే ముందు అడగాల్సిన చోట్లు ఉన్నాయి. ఇంట్లో ఆడవాళ్ళు డ్వాక్రా సంఘంలో ఉంటే ఆ అప్పు వడ్డీ చాలా తక్కువ. 2015లో మొదలైన ముద్ర అనే చిన్న వ్యాపారాల అప్పు పథకంలో, శిశు అనే మొదటి మెట్టు కింద 50,000 వరకు తాకట్టు లేకుండా బ్యాంకులు ఇస్తాయి. తోపుడు బండి మీద అమ్మేవాళ్ళకు 2020లో వచ్చిన పీఎం స్వనిధి అప్పు పథకం ఉంది. బ్యాంకుకు వెళ్ళేటప్పుడు మీ నోటు పుస్తకం, యూపీఐ లావాదేవీల స్టేట్‌మెంట్ తీసుకెళ్ళండి. రోజూ అమ్మకం కనిపిస్తే మేనేజరుకు నమ్మకం కుదురుతుంది.

వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ కోడ్ ఉండాలి. పిల్లల ఫీజు గల్లా పెట్టెలోంచి కట్టొద్దు. మీ కూలి రాసుకున్నారు కదా, ఆ డబ్బు ఇంటికి వేసుకుని అందులోంచి కట్టండి.

అరువు అడిగేవాళ్ళు రోజూ ఉంటారు. కాదంటే మొహం చాటేస్తారు, ఇస్తే బాకీ పేరుకున్నాక అసలే రారు. దీనికి పనికొచ్చే ఉపాయం ముందుగా డబ్బు తీసుకునే కార్డు. పది ప్యాకెట్ల డబ్బు కడితే పదకొండోది ఉచితం. రూముల్లో ఉండే కుర్రాళ్ళు జీతం రాగానే కార్డు తీసుకుంటారు, మీకు నెల మొదట్లోనే సరుకుకు డబ్బు దొరుకుతుంది. ఫంక్షన్ల ఆర్డర్లకు సగం అడ్వాన్స్ లేకుండా పొయ్యి వెలిగించకండి.

7. కాగితాలు

ఇంటి నుంచి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సంస్థ వెబ్‌సైట్ ఫోస్కాస్‌లో మీరే చేసుకోవచ్చు, చిన్న వ్యాపారానికి ఫీజు వందల్లోనే, ఏజెంటుకు వేలు పోయక్కర్లేదు. వచ్చిన 14 అంకెల నంబరు షాపులో కనిపించేలా పెట్టాలి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, డబ్బు అడిగిన వెబ్‌సైట్ అసలుది కాదు. రోజుకు 3,000 అమ్మకం అంటే ఏడాదికి 11 లక్షల లోపు కాబట్టి, వండిన ఆహారానికి ఉన్న 20 లక్షల పరిమితి దాటేదాకా జీఎస్టీ గొడవ లేదు. ఫుడ్ డెలివరీ యాప్‌లో చేరాలనుకుంటే మాత్రం వాళ్ళ కమిషన్ తీసేసి ప్యాకెట్ లెక్క మళ్ళీ వేయండి. మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు తీసుకోండి. ఇంటి గ్యాస్ సిలిండర్ షాపులో వాడటం నేరం, 19 కిలోల కమర్షియల్ సిలిండరే పెట్టాలి. 120 మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్నవాళ్ళకు రూపాయి తగ్గించండి, కవరు ఖర్చూ తగ్గుతుంది, వేడి కూర ప్లాస్టిక్‌లో పోసే బాధా తప్పుతుంది.

8. మందకొడి రోజులకు ముందే సిద్ధపడండి

శ్రావణం, కార్తీకం, అయ్యప్ప దీక్షల రోజుల్లో నాన్‌వెజ్ అమ్మకం పడిపోతుంది, శాకాహారం పెరుగుతుంది. మాల వేసుకున్నవాళ్ళు బయటి వంట ముట్టరు, వాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చే గిరాకీ కూడా ఆగుతుంది. హైదరాబాద్‌లో సంక్రాంతికి కాలనీలు ఖాళీ అవుతాయి. ఆ వారం అర గిన్నె వండటం కంటే సహాయకుడికి సెలవిచ్చి, మీరూ ఊరు వెళ్ళి రావడం మంచిది. వేసవి సెలవుల్లో అమ్మలు పిల్లలతో పుట్టింటికి వెళ్తే ఇంట్లో మిగిలిన మగవాళ్ళు కొంటారు, అప్పుడు చిన్న ప్యాకెట్లు పెట్టండి.

ఏడాదిలో ఇలా అమ్మకం తగ్గే వారాల కోసం రోజూ 100 రూపాయలు విడిగా తీసి, పోస్టాఫీసు ఖాతాలోనో రికరింగ్ డిపాజిట్‌లోనో వేయండి. రెండు నెలల అద్దె, మనిషి జీతం అందులో చేరేదాకా కొత్త సామాను కొనొద్దు. చేరాక మొదట కొనాల్సింది పెద్ద గ్రైండర్. రోటి పచ్చళ్ళు పెంచుకోవచ్చు, పొద్దున ఇంట్లోవాళ్ళకు గంట నిద్ర మిగులుతుంది.