ఒకే రిపోజిటరీ మీద గెరిట్, రివ్యూ బోర్డు: వచ్చే చిక్కులు, వాటి మందులు

గెరిట్, రివ్యూ బోర్డు రెండూ కోడ్ రివ్యూ టూల్స్, అంటే రాసిన కోడ్‌ను తోటివాళ్లకు చూపించి సరిచూసుకునేవి. తిరుపతి టీమ్ కోడ్ రివ్యూ అంతా గెరిట్‌లో. చిత్తూరు టీమ్‌కు ఏళ్ల తరబడి రివ్యూ బోర్డు అలవాటు. ప్రాజెక్టులు కలిశాయి, టూల్స్ కలవలేదు. దాంతో ఒకే లైనక్స్ సర్వర్‌లో ఉన్న బేర్ రిపోజిటరీలను (పని ఫైళ్లు లేకుండా గిట్ చరిత్ర మాత్రమే ఉండే కోడ్ నిల్వలను) రెండింటికీ చూపిస్తారు. మొదటి వారం అంతా బాగానే ఉంటుంది. తర్వాత వచ్చే ఫిర్యాదులు ఇంచుమించు ఇవే.

గెరిట్‌లో సబ్మిట్ అయింది, రివ్యూ బోర్డులో మాత్రం రిక్వెస్ట్ ఇంకా ఓపెన్‌గానే ఉంది

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. చిత్తూరు నుంచి ఎవరైనా మామూలు గిట్‌తో పుష్ చేస్తే రిక్వెస్ట్ (రివ్యూ కోసం పెట్టిన మార్పు) తనంతట తానే క్లోజ్ అవుతుంది. గెరిట్‌లో సబ్మిట్ బటన్ నొక్కితే మాత్రం కదలదు. అందుకే అందరూ ముందు నెట్‌వర్క్‌ను అనుమానించి ఒక పూట పోగొట్టుకుంటారు.

కారణం: రివ్యూ బోర్డుకు కబురు పంపే స్క్రిప్టు రిపోజిటరీలోని హుక్స్ (ఏదైనా జరగగానే తమంతట తామే నడిచే స్క్రిప్టులు) ఫోల్డర్‌లో పోస్ట్-రిసీవ్ పేరుతో ఉంటుంది. దాన్ని నడిపేది సీ భాషలో రాసిన అసలు గిట్. గెరిట్ వాడేది జావాలో రాసిన జేగిట్. అది సర్వర్ వైపు ఉన్న ఆ హుక్‌ను నడపదు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క లైనూ పడదు.

పరిష్కారం: గెరిట్‌కు హుక్స్ ప్లగిన్ వేసి, గెరిట్ సైట్ ఫోల్డర్‌లోని హుక్స్ డైరెక్టరీలో చేంజ్-మెర్జ్‌డ్ పేరుతో స్క్రిప్టు పెట్టండి. పాతదాన్ని యథాతథంగా కాపీ చేస్తే పనిచేయదు. పోస్ట్-రిసీవ్‌కు వివరాలు స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో వస్తాయి. గెరిట్ మాత్రం ప్రాజెక్టు, బ్రాంచ్, కమిట్ వంటివి కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్లుగా ఇస్తుంది. చదివే భాగం తిరగరాయాలి. చివర్లో రివ్యూ బోర్డు కమాండ్ లైన్ టూల్ ఆర్‌బీటీలోని క్లోజ్ కమాండ్‌ను రిక్వెస్ట్ నంబర్‌తో పిలిస్తే చాలు. ఆ నంబర్‌ను కమిట్ మెసేజ్‌లో రాసే అలవాటు టీమ్‌కు ఉండాలి, లేకపోతే స్క్రిప్టుకు ఏది మూయాలో తెలియదు.

దీనికి తిరగబడిన రూపం: కోడ్ బ్రాంచ్‌లోకి చేరింది, గెరిట్ మాత్రం చేంజ్ ఇంకా ఓపెన్ అంటోంది

ఎవరో గెరిట్‌ను తప్పించుకుని సర్వర్‌లోని బేర్ రిపోజిటరీలోకి నేరుగా పుష్ చేశారు. బ్రహ్మోత్సవాల వారంలో సగం మంది ఇంటి నుంచి పనిచేస్తూ, రివ్యూ చేసేవాళ్లు దొరక్క, ఇలాంటి దొడ్డిదారి పట్టడం మామూలే. గెరిట్ 3.0 నుంచి చేంజ్‌ల (గెరిట్‌లో రివ్యూకు వచ్చే మార్పుల) సమాచారం కూడా అదే రిపోజిటరీలో ప్రత్యేక రెఫ్‌లుగా (కమిట్‌లను చూపే పేర్లుగా) ఉంటుంది, దాని మీద వెతకడానికి ఇండెక్స్ ఉంటుంది. నేరుగా చేసిన పుష్‌తో బ్రాంచ్ ఒక్కటే మారుతుంది, ఈ రెండూ పాతవే మిగులుతాయి. గెరిట్ ద్వారా వచ్చిన పుష్ అయితే సరిపోలే చేంజ్‌ను అదే మూసేస్తుంది.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. బ్రాంచ్‌లోకి రాసే హక్కు గెరిట్‌కు ఒక్కదానికే ఉండాలి, రివ్యూ బోర్డు చదువుకుంటే చాలు. రిపోజిటరీ ఫోల్డర్ మీద గెరిట్ యూజర్‌కు తప్ప ఇంకెవరికీ రైట్ పర్మిషన్ ఉంచకండి. పుష్ అంతా గెరిట్ ఎస్ఎస్‌హెచ్ పోర్టు 29418 ద్వారానో, దాని హెచ్‌టీటీపీ ద్వారానో రావాలి. చిత్తూరువాళ్లు మొదట్లో గొణుగుతారు, గొణగనివ్వండి. ఇప్పటికే చిక్కుకున్న చేంజ్‌లను, కోడ్ నిజంగా బ్రాంచ్‌లో ఉందని చూసుకుని, అబాండన్ చేయండి, అంటే వదిలేసినట్టుగా మూసేయండి.

రివ్యూ బోర్డు "డ్యూబియస్ ఓనర్‌షిప్" అంటోంది

గిట్ అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు ఇది బయటపడుతుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 2.35.2 నుంచి, వేరే యూజర్‌కు చెందిన రిపోజిటరీని తెరవడానికి గిట్ ఒప్పుకోదు. ఫోల్డర్ గెరిట్ యూజర్‌ది, రివ్యూ బోర్డు నడిచేది వెబ్ సర్వర్ యూజర్ కింద. సిస్టమ్ స్థాయి గిట్ కాన్ఫిగ్‌లో సేఫ్ డాట్ డైరెక్టరీకి ఆ రిపోజిటరీల పాత్‌లు చేర్చండి. రిపోజిటరీ సొంత కాన్ఫిగ్‌లో రాస్తే గిట్ పట్టించుకోదు. నక్షత్రం గుర్తు (*) పెట్టి అన్నిటినీ అనుమతించడం సులువే, కానీ ఆ రక్షణ మొత్తం పోతుంది.

గెరిట్ "చేంజ్-ఐడీ లేదు" అని తిప్పికొడుతోంది

మార్పును గెరిట్ గుర్తుపట్టే చేంజ్-ఐడీని మెసేజ్‌లో చేర్చే కమిట్-మెసేజ్ హుక్ కొత్త క్లోన్‌లో లేదు. హుక్ వేసి, కమిట్‌ను అమెండ్ చేయండి. చేంజ్-ఐడీ కనిపిస్తున్నా తిప్పికొడితే, అది మెసేజ్‌లో చివరి పేరాలో ఉందో లేదో చూడండి. దాని కింద ఖాళీ లైను వదిలి "రివ్యూ లింకు ఇదీ" అని ఇంకో పేరా చేరిస్తే గెరిట్‌కు ఐడీ కనబడదు.

డిఫ్ అప్‌లోడ్ చేస్తే "ఫైల్ దొరకలేదు". లేదా నెలల కిందటి డిఫ్ ఇప్పుడు తెరుచుకోవడం లేదు

రెండూ వేరనిపిస్తాయి గానీ మూలం ఒక్కటే. రివ్యూ బోర్డు డేటాబేస్‌లో దాచేది మార్పును (డిఫ్‌ను) మాత్రమే. అసలు ఫైల్‌ను రిపోజిటరీ నుంచి దాని హ్యాష్‌తో (కంటెంట్ నుంచి లెక్కించిన గుర్తింపుతో) తెచ్చుకుని, పక్కపక్కన చూపిస్తుంది.

మొదటి సందర్భంలో, మీ కమిట్ ఇంకా పుష్ చేయని మరో కమిట్ మీద నిలబడి ఉంది. ఆర్‌బీటీ పోస్ట్‌కు పేరెంట్ ఆప్షన్ ఇచ్చి ఆధార బ్రాంచ్ చెప్పండి, మధ్యలోని మార్పులూ కలిసి వెళ్తాయి. చేత్తో తీసిన డిఫ్ అయితే ఫుల్-ఇండెక్స్ ఆప్షన్ తప్పనిసరి, సగం హ్యాష్‌తో ఫైల్ దొరకదు. రివ్యూ బోర్డుకు విడిగా క్లోన్ ఇచ్చి ఉంటే, అది తనంతట తాను ఫెచ్ చేసుకోదు. వేళకు ఫెచ్ చేయించే క్రాన్ జాబ్ ఆగిందేమో చూడండి.

రెండో సందర్భంలో ఆధార బ్రాంచ్‌ను తర్వాత ఎవరో తొలగించారు. ఏ రెఫ్‌కూ అందని ఆబ్జెక్టులను గిట్ చెత్త ఏరివేత మామూలుగా రెండు వారాల గడువు దాటాక తీసేస్తుంది. అప్పటిదాకా, ఆ పైన క్యాష్ ఉన్నన్నాళ్లు, డిఫ్ తెరుచుకుంటూనే ఉంటుంది కాబట్టి బ్రాంచ్ తొలగింపుకూ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. టీమ్‌లో ఎవరి ల్యాప్‌టాప్ క్లోన్‌లోనైనా ఆ పాత కమిట్ మిగిలి ఉంటే దానికి ట్యాగ్ వేసి పుష్ చేయించండి. హ్యాష్ కంటెంట్ నుంచి పుట్టేదే కాబట్టి అదే ఫైల్ అదే పేరుతో తిరిగి వస్తుంది, డిఫ్ తెరుచుకుంటుంది. ఎవరి దగ్గరా లేకపోతే ఆ డిఫ్ పోయినట్టే. దాని మీద రాసిన కామెంట్లు మాత్రం రివ్యూ బోర్డు డేటాబేస్‌లో ఉంటాయి.